చెవికి సిగ్గు లేదు

మా ఇంటి ఎదురుగా ఫంక్షన్ హాలు కట్టి మూడేండ్లయింది. కట్టిన కొత్తలో నేను పోయి కొట్లాడినాను. పెండ్లికి సన్నాయి ఉంటే చాలదా, మనిషెత్తు పెట్టెలు ఎనిమిది పేర్చి మా ఇంట్లో పప్పు డబ్బాల మూతలు ఎగిరేటట్టు కొట్టాల్నా అని అడిగినాను. ఆ మేనేజరు మర్యాదస్తుడే. "పెండ్లంటే సందడి ఉండాల గదవ్వా" అని నవ్వి ఒక లడ్ల పొట్లం చేతిలో పెట్టినాడు. తెచ్చుకున్నాను. తిన్నాను కూడా. తిన్న తరువాత మళ్ళీ ఏ మొహం పెట్టుకొని పోయేది. అట్ల ఊరుకున్నదాన్ని, మొన్న ఒక మధ్యాహ్నం ఆ పెట్టెలు మోగుతుండగానే వరండాలో కుర్చీలో కూర్చొని నిద్రపోయినాను. కరెంటు పోయి మోత ఆగిపోతే ఉలిక్కిపడి లేచి, ఏమైంది, ఎవరికేమైంది అని కోడల్ని కేకేసినాను. "ఏం కాలేదత్తా, డీజే ఆగిపోయింది, అంతే" అని అది పడీపడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అసహ్యమేసింది. ఆ హాలు మీద కాదు, నా చెవి మీద. మనిషి ఒంట్లో చెవి అంత సిగ్గులేనిది ఇంకోటి లేదు. నాలుకను చూడండి, ఉప్పు చిటికెడు ఎక్కువైతే ఒప్పుకోదు. కంటికి నచ్చకపోతే రెప్ప వేసుకుంటుంది. చెవి అట్ల కాదు. మొదటి రోజు నానా యాగీ చేస్తుంది, వారానికి సణుగుడులోకి దిగుతుంది, మూడు నెలలు తిరిగేసరికి ఆ మోతతోనే కాపురం పెట్టేస్తుంది. పెట్టి ఊరుకుంటుందా, మోత లేకపోతే బెంగ కూడా పడుతుంది. ఈ సంగతి నాకు యాభై ఏండ్ల కిందటే తెలుసు. తెలిసీ మర్చిపోయినాను, అదీ నా బాధ.

నేను పుట్టింది అర్ధవీడు అవతల అడవి పక్క పల్లెలో. మా ఊర్లో చప్పుడే తక్కువ. వాకిట్లో ఎవరన్నా నడిస్తే చెప్పుల చప్పుడును బట్టి ఎవరో చెప్పేవాళ్ళం, చెప్పులు లేకుంటే దగ్గును బట్టి. అట్లాంటిదాన్ని తీసుకొచ్చి మార్కాపురం ఇచ్చినారు. మా తాలూకాలను కర్నూలు జిల్లాలోంచి తీసి ఒంగోలుతో కలిపి కొత్త జిల్లా చేసిన రోజులవి. కొత్త జిల్లా కాగితాల మీదికి ఎక్కింది గానీ మా నోళ్ళలోకి దిగలేదు. మా అత్త పోయేదాకా "మన కర్నూలు" అనే అన్నది. ఒంగోలంటే ఆమెకు ఎద్దులు, అంతకు మించి ఏమీ కాదు. అత్తోళ్ళది నిజానికి రాచర్ల పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. వానలు ఎగ్గొట్టి మేత కరువైతే మా మామ మందను తమ్ముడికి అప్పజెప్పి, పెండ్లాన్నీ కొడుకునూ వెంటబెట్టుకొని మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద చేరినాడు. పలకలంటే బడిపిల్లలు రాసుకునే రాతి పలకలే. మా ఆయనది కూడా అక్కడే, పలకకు చెక్క చట్రం బిగించే పని. ఫ్యాక్టరీ గోడ పక్కన వరసగా ఉన్న రేకుల ఇండ్లలో మాదొకటి.

ఆ మోత గురించి ఏమని చెప్పేది. రాతిని రంపం కోస్తుంటే వచ్చే చప్పుడు చెవిలో పడదు, పండ్లలో పడుతుంది. పొద్దున మొదలైతే మసకపడే దాకా ఆగేది లేదు. మోతకు తోడు దుమ్ము. బూడిదరంగు పొడి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండేది. ఆరేసిన చీర మీద అదే, కుండ మూత మీద అదే, పాల మీద మీగడతో కలిసి అదే. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కరకరమనేది. మగవాళ్ళు పని దిగి వచ్చి గోడ పక్కన కాండ్రించి ఉమిసేవాళ్ళు, ఆ ఉమ్ము కూడా బూడిదరంగే. దాన్ని చూసి నేను వాంతి చేసుకుంటే మా అత్త నెల తప్పినానేమోనని సంబరపడి వీధంతా చెప్పుకొని వచ్చింది. ఆ వీధిలో చెప్పుకోవడమంటే అరవడమే. కుళాయి దగ్గర ఇద్దరు ఆడోళ్ళు "కూర ఏం చేస్తివి" అని అడుక్కుంటున్నా నాకు జుట్లు పట్టుకుంటారేమో అన్నట్టుండేది. మొదటి వారమంతా నేను చెవుల్లో దూది పెట్టుకొని, ఈ కొట్లాటల వీధిలో ఎట్ల బతికేదిరా దేవుడా అని ఏడ్చినాను.

తరువాత ఎప్పుడు ఏడుపు మానినానో, దూది ఎక్కడ పారేసినానో నాకే తెలీదు. తొలి కాన్పుకు మా అమ్మోళ్ళింటికి పోయినప్పుడు తెలిసింది. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టదు. ఇల్లంతా ఏదో పోయినట్టుంది. చెవుల్లో మాత్రం సన్నగా కీమంటా ఉంది. నేను నోరు తెరిస్తే మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఎందుకే అట్ల అరుస్తావు, నేనేమన్నా చెవిటిదాన్నా" అన్నది. నేను మామూలుగానే మాట్లాడుతున్నాను అనుకుంటిని. పది దినాలు గడిచినాక ఆ కీమనేది పోయింది. ఇంకో వారానికి గోడ అవతల పక్కింటామె బియ్యంలో రాళ్ళు ఏరి పళ్ళెంలో వేస్తుంటే ఆ రాళ్ళు పడేది కూడా వినపడింది. ఎంత సంతోషమైందో. చెవి అలిగి పోయినా పిలిస్తే వస్తుంది అనుకున్నాను. అందరి చెవులూ అంతే అనుకున్నాను. నేను మూడు నెలలు పుట్టింట్లో ఉండి వస్తిని గాబట్టి సరిపోయింది. మిషను మీద నిలబడే మామకు పుట్టింటికి పోయే వీలెక్కడిది.

మా మామ చెవులు వాళ్ళ ఊర్లో పేరుమోసిన చెవులు. ఆయన తండ్రి కంచు పోయించి ఏడు గంటలు చేయించినాడట, ఏడింటికీ ఏడు మోతలు. మందలో ముందు నడిచే పొట్టేలుకు పెద్ద గంట, మిగతావి ఏరికోరి ఆరు గొర్రెలకు. మా మామ గట్టు కింద కండ్లు మూసుకొని పడుకొనే, మంద ఏ పక్క మేస్తోందో, ఏది కుంటుతోందో, ఏది వేరే వాళ్ళ చేలో పడిందో చెప్పేవాడని మా అత్త పదేపదే చెప్పేది. గొర్రె దగ్గితే అది ఏ గొర్రో చెప్పేవాడట. ఇంత చెప్పి, "వానలు పడితే పోతాం, ఈ దరిద్రపు దుమ్ములో ఎన్నాళ్ళుంటాం" అని ముగించేది. ప్రతి ఏడూ అదే మాట. వానలు ఒక ఏడు పడినా ఇంకో ఏడు పడలేదు, ఆయన మిషను దిగలేదు.

ఇప్పుడు గాజుల సంగతి చెప్పాల. మా వైపు కోడలు మామతో మాట్లాడకూడదు. ఆయన ఎదురొస్తే పక్కకు తప్పుకోవాల, ఆయన ముందర కూర్చోకూడదు, ఆయనను పేరు పెట్టి అనుకోకూడదు కూడా. అన్నం వడ్డించి, చెయ్యి కొంచెం ఆడించి గాజులను కంచం అంచుకు తగిలిస్తే అదే పిలుపు. నేను కాపురానికి వచ్చిన ఏడు ఒక్కసారి తగిలిస్తే చాలు, వాకిట్లోంచి లేచి వచ్చేవాడు. మళ్ళేడు రెండు మూడుసార్లు తగిలించాల్సి వచ్చింది. ఆ తరువాత అసలు కదిలేవాడు కాదు. నేను గాజులు పగిలేటట్టు ఆడించేదాన్ని, ఆయన వీధిలోకి చూస్తా కూర్చొనేవాడు. సంగటి చల్లారి గట్టిపడేది. ఒకరోజు మా అత్తతో అంటుంటే విన్నాను. "కోడలికి పొగరెక్కింది. అన్నానికి పిలవడం కూడా మానుకునింది." మా అత్త నన్ను కూర్చోబెట్టి కడిగేసింది. నాకు ఒళ్ళు మండింది. గాజులు వదిలేసి చెంబు తీసుకొని బండకేసి కొట్టినాను, కదల్లేదు. కోపంతో కూర్చునే పీటను ఎత్తి దబ్బున కింద వేసినాను. వెంటనే లేచి వచ్చినాడు. ఆ రోజునుంచి పీటే నా పిలుపు.

నాకు అర్థమైంది. మా ఆయనతో చెప్పినాను, మీ నాయనకు చెవులు సరిగ్గా వినపడడం లేదు అని. "మా నాయనకా" అని నవ్వినాడు. "రాళ్ళ లారీ మలుపులో ఉండగానే మనకంటే ముందు చెప్తాడే, ఆయనకు చెవుడేంది." నిజమే. లారీ వినపడేది, ఉరుము వినపడేది. మిషను దగ్గర మనుషుల మాటలు కూడా వినపడేవి, అక్కడ అందరూ అరుస్తారు, ఒకరి నోరు ఒకరు చూసుకుంటారు. చెవుడంటే ఏమీ వినపడకపోవడం అనుకునేవాళ్ళం అందరం. సన్నటి చప్పుళ్ళు ముందు జారిపోతాయని, లావుపాటివి చివరిదాకా ఉండి మనిషిని నమ్మిస్తాయని ఎవరు చెప్పినారు మాకు. మా అత్తతో అంటే, "పొగరు చాలక ఇప్పుడు చెవిటోన్ని కూడా చేస్తివా" అన్నది. ఇంక నేను నోరు మూసుకున్నాను. పీట వేసుకుంటూ పోయినాను. దాంట్లో నాకు కొంచెం వేడుక కూడా ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఏడు వానలు బాగా పడినాయి. గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులకు అందరం పల్లెకు పోయినాం. మా మామ ఈసారి తిరిగి మార్కాపురం వచ్చేది లేదని, పనిముట్టు ఫ్యాక్టరీలో అప్పజెప్పి మరీ బయలుదేరినాడు. ఊరు చేరి కాళ్ళు కూడా కడుక్కోకుండా గొర్రెల దొడ్డిలోకి పోయినాడు. పొట్టేలు తల ఊపింది. ఆయన మొహం మాడిపోయింది. దగ్గరికి పోయి గంట పట్టుకొని ఆడించి చూసినాడు. ఇంకో గొర్రెను పట్టుకున్నాడు, ఇంకోదాన్ని. ఏడింటినీ చూసి తమ్ముడి వైపు తిరిగినాడు. "ఇవి నాయన గంటలు కావు. రేకు డబ్బా తట్టినట్టు టక్కుమంటున్నాయి. కంచు అమ్ముకొని మోసం చేస్తివి గదరా" అన్నాడు. ఆ తమ్ముడు మా చిన్నమామ. ఆయన పుట్టినప్పటినుంచి అన్న ముందర గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. "అవేనన్నా, మన గంటలే, నువ్వే చూడు" అని అవే నాలుగు ముక్కలు అంటానే ఉన్నాడు, నేలను చూస్తా, మెల్లగా. ఆ మెల్లగా అన్న మాట కూడా మా మామకు అందలేదు. అందకపోతే ఆయన ఏమనుకున్నాడో తెలుసా, తప్పు చేసినోడు గాబట్టి నోరు లేవడం లేదు అనుకున్నాడు.

రెండు దినాల్లో పెద్దమనుషుల దాకా పోయింది. మంద పంచాల, పొత్తు తెంచాల, తండ్రి గంటలు అమ్ముకున్న దొంగతో ఇంక వరసలు లేవు అని మా మామ పట్టు పట్టినాడు. దొంగ అన్న మాట మా పల్లెలో ఒకసారి అంటుకుంటే పిల్లలకు సంబంధాలు కూడా దొరకవు. చిన్నమామకు ఇద్దరు ఆడపిల్లలు. దొడ్డి పక్కన చాప పరిచి ఏడు గంటలూ విప్పి మధ్యలో పెట్టినారు. పెద్దమనుషులు ఒక్కొక్కటీ ఎత్తి ఆడించినారు. ఖంగుమని లేచి అడవి దాకా పోతోంది మోత. "కంచేనయ్యా ఇది" అన్నారు వాళ్ళు. మా మామ అందరి మొహాలూ చూసి, "మీరంతా వాని పక్క చేరినారు" అని లేచి నిలబడినాడు. పది మందిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. రాదు మరి. ఆ ఊర్లో చెవులంటే ఆయన చెవులే గదా.

నేను మజ్జిగ చెంబుతో గోడ పక్కన ఉన్నాను. మా అత్త వైపు చూసినాను, ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంటోంది. మా ఆయన తల వంచుకున్నాడు. చెంబు కింద పెట్టి, చాప దగ్గరికి పోయి, పెద్ద గంట తీసుకొని, మా మామ వెనక నిలబడి ఆడించినాను. చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత దూరం. ఆయన మాట్లాడుతున్నాడు. "మా నాయన గంట అట్ల ఉండేదా అసలు. అది మోగితే చెరువు అవతలోడు తల తిప్పి చూసేవాడు" అంటున్నాడు. నేను ఆడిస్తానే ఉన్నాను. పెద్దమనుషులు ఆయన మాట వినడం మానేసి నా చెయ్యి చూస్తున్నారు. ఒకాయన చుట్ట నోటి దాకా తెచ్చి ఆపినాడు. మా మామ ఇంకా రెండు మాటలు మాట్లాడినాడు. అప్పుడు ఆ మొహాలు చూసినాడు. తిరిగినాడు. నా చేతిలో గంట ఊగుతోంది.

గంట తీసుకున్నాడు. ఆడించి, మోత ఉన్నప్పుడే అరచెయ్యి అంచుకు ఆనించినాడు. కంచు వణుకుతోందని చేతికి తెలిసింది. చానాసేపు అట్లనే పట్టుకున్నాడు. తరువాత నన్ను చూసి, నేను కాపురానికి వచ్చినాక మొదటిసారి నాతో నేరుగా మాట్లాడినాడు. "ఎంతసేపటినుంచి కొడుతున్నావమ్మా" అన్నాడు.

"మొదటినుంచీ మామా" అన్నాను. నేను ఆయనతో అన్న మొదటి మాట అది. మామతో మాట్లాడుతున్నానని నోరు పెగలక సన్నగా వచ్చింది. ఆయన నా నోటి వైపు చూస్తా ఉన్నాడు, వినపడలేదు. పది మందిలో మళ్ళీ గట్టిగా అరిచి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మంద పంచలేదు. చిన్నమామ వచ్చి అన్న కాళ్ళు పట్టుకున్నాడు, అసలు కాళ్ళు పట్టుకోవాల్సింది ఎవరో అందరికీ తెలిసినా. అందరూ నన్ను మెచ్చుకున్నారు, తెలివిగల కోడలు అన్నారు. ఇప్పుడు దాచేదేముంది, ఆ మెప్పు తలచుకుంటే నా మీద నాకే రోత. చిన్నమామ పరువు కాపాడాలనే పోయినాను, అది నిజం. అయితే మా అత్త చేత ఇంట్లో చెప్పించి ఉండొచ్చు, గట్టిగా పోట్లాడి మా ఆయన చేత చెప్పించి ఉండొచ్చు. గంట ఆడిస్తున్నప్పుడు నా లోపల "పొగరు" అన్న మాట కూడా మోగుతోంది. ఇప్పుడు చెప్పండి ఎవరిది తప్పో అని నా చెయ్యి అడుగుతోంది. ఆ సంగతి ఆ రోజు నాకు ఒక్కదానికే వినపడింది.

మా మామ మంద కాసే కర్రను తమ్ముడి చేతిలో పెట్టి, వారానికే మార్కాపురం తిరిగి వచ్చినాడు. చెవులు లేకుండా మంద వెంబడి పోయి ఏం చేసేది అన్నాడు. ఫ్యాక్టరీ యజమాని సంగతి తెలుసుకొని, "ఇంకా మంచిదే, ఇంక మోత నిన్నేం చేస్తుంది" అని నవ్వినాడట. ఆ మాట మా ఆయన ఇంటికి వచ్చి చెప్తే నేను వాకిట్లోకి పోయి ఉమిసి వచ్చినాను. అన్నానికి నేను పీట వేయడం మానేసినాను. ఎదురుగా పోయి నిలబడి, "రా మామా" అని నోరు బాగా తెరిచి చెప్పేదాన్ని. మా అత్త ఏమీ అనలేదు. వీధిలోవాళ్ళు అన్నారు. అననీ.

మామ పోయిన తరువాత చిన్నమామ ఆ పెద్ద గంట తెచ్చి, "ఇది నీ దగ్గరుండాలమ్మా" అని నాకిచ్చినాడు. అప్పటినుంచి గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను. మొన్న ఆ హాలు మోత ఆగి లేచిన రోజు సాయంత్రం, ఎందుకో తియ్యబుద్ధయింది. గుడ్డ విప్పి ఆడించినాను. టక్కుమనింది. మళ్ళీ ఆడించినాను. టక్, టక్. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏందో తెలుసా, ఎవరో మార్చేసినారు అని. కోడలు పాత సామాన్లోడికి వేసి ఇంకోటి పెట్టిందేమో అని కూడా అనుకున్నాను, నోటిదాకా వచ్చింది. తల ఎత్తితే అది వంటింటి గడపలో నిలబడి ఉంది. "అబ్బ, ఎంత మోగుతుందత్తా ఇది" అంటోంది, అనిందని దాని పెదిమలను బట్టి తెలిసింది. నేను అరచెయ్యి తీసుకొని అంచుకు ఆనించినాను. కంచు వణుకుతా ఉంది. మా మామ వీపు వెనక నేను ఆడించిన గంటను నా వీపు వెనక్కి తేవడానికి కాలానికి యాభై ఏండ్లు పట్టింది, దారిలో ఒక్క చప్పుడు కూడా చేయలేదు.